మచ్చు సంచిలో పసుపు కొమ్ము

నా జన్మలో సర్కారుకు రెండు కాగితాలు రాశాను. రెండూ ఒకే వేసవిలో రాసినవే. మొదటిదాంట్లో నిజం రాస్తే జవాబు రావడానికి నలభై రోజులు పట్టింది. రెండోదాంట్లో అబద్ధం రాస్తే మూడోరోజుకే ఆర్డరు ఇంటికొచ్చింది. సర్కారు పని నిదానం అనేవాళ్ళను చూస్తే నాకు నవ్వొస్తుంది. దేనికి నిదానించాలో, దేనికి తొందరపడాలో వాళ్ళకు బాగా తెలుసు.

అవి కర్నూలు రాజధానిగా ఉన్న రోజులు. మా ఊరు ఆళ్లగడ్డకు రెండు మైళ్ళ దూరం. మా ఇంటి పచ్చజొన్న విత్తనానికి కొలిమిగుండ్ల దాకా పేరుండేది. ఆ పేరు మా మామది కాదు, మా ఆయన శేషయ్యది అంతకన్నా కాదు. మా అత్త కమలాక్షమ్మది. మామ పోయినప్పటి నుంచి గాదె తాళంచెవి ఆమె నడుముకే ఉండేది. చుట్టుపక్కల అందరూ జొన్నలు పాతరలో పోసి పైన మట్టి కప్పేవాళ్ళు. మా అత్త మాత్రం విత్తనపు గింజను నేలలో పెట్టనిచ్చేది కాదు. "పాతరలో గింజకు చెమట పడ్తాది" అనేది. వేపాకు, పిడకల బూడిద కలిపి గాదెలోనే దాచేది.

ఇంకొకటి కూడా ఉంది. గాదెలోంచి ఏ గింజ బయటికి పోయినా, అమ్మకానికైనా ఆడబిడ్డ ఇంటికైనా, అందులో ఒక పసుపు కొమ్ము వేసేది. కొమ్ముకు మూడు చుట్లు పసుపు దారం చుట్టి ముడివేసేది. ఆమెది ఎడమచేతి వాటం. అందుకని ఆ చుట్లు అందరూ చుట్టే తీరుకు ఎదురు తిరిగి ఉండేవి. నేను కాపురానికి వచ్చిన కొత్తలో, ఇదెందుకత్తా అని అడిగాను.

"మన ఇంట్లోంచి పొయ్యే గింజ ఒంటిగా పోగూడదమ్మీ" అంది. 

ఆ సంవత్సరం ఫాల్గుణంలో యేసుదాసు వచ్చాడు. ఆళ్లగడ్డ బయట సర్కారువాళ్ళు కొత్తగా పెట్టిన హాస్టల్లో అతను వంటమనిషి. అప్పటి తీరు ప్రకారం అరుగు కిందనే నిలబడి మాట్లాడాడు. చేతిలో చిన్న మూట ఉంది. విప్పి చూపించాడు. జొన్నలు నల్లబడి, ముద్దలు కట్టి, మధ్యలో తెల్లటి పురుగులు కదులుతున్నాయి.

"పిల్లోళ్ళు తినల్యాకపోతాండారమ్మా. కడుగుతాంటే పురుగులు పైకి తేల్తాండాయి. ఏరి పారేస్తాండా, ఎన్నని ఏరేది? మల్లా ఏడాదికి టెండరు పిలిచినారంట. ఈసారన్నా మీయట్లాటోళ్ళు ఏస్తే పిల్లోళ్ళు బతుకుతారు" అన్నాడు.

మా అత్త ఆ మూటలోంచి ఒక గింజ తీసి వేళ్ళతో నలిపింది. పొడైపోయింది. చెయ్యి చీరకు తుడుచుకుంటూ కొడుకు వైపు తిరిగింది.

"శేషూ, టెండరెయ్యి."

మా ఆయనకు ఆ మాట పాయసం తాగినట్టుంది. ఆయనకు పిల్లల మీద దయ లేకపోలేదు. కానీ కాంట్రాక్టరు అనిపించుకోవాలని అంతకు ముందు నుంచే ఉబలాటం. జేబులో పెట్టుకోవడానికి ఫౌంటెన్ పెన్ను కూడా కొన్నాడు. దానితో మూడు లైన్లు వంకర లేకుండా రాయలేడు. టెండరు ఫారం నింపడం మొదలు రాసే పనంతా నాది. నేను నంద్యాలలో మా మేనమామ ఇంట్లో ఉండి ఎనిమిదో తరగతి దాకా చదివాను.

టెండరుతోపాటు రెండు శేర్ల జొన్నలు మచ్చు పెట్టాలన్నారు. సంచి ఆఫీసువాళ్ళే ఇచ్చారు. టెండరు వేసినవాళ్ళందరికీ ఒకే రకం తెల్లగుడ్డ సంచి. పేరు రాసిన చీటీ మూతికి కట్టాలి. మా అత్త గాదె తలుపు తీసి, చాటలో చెరిగి, ఒక్కొక్క గింజా చూసి పోసింది. సంచి సగమయ్యాక మధ్యలో పసుపు కొమ్ము పెట్టి పైన మళ్ళీ జొన్నలు పోసింది. ఆడపిల్లను అత్తగారింటికి సాగనంపేటప్పుడు కూడా ఆమె అంత శ్రద్ధ పెట్టి ఉండదు.

మా ఆయన నంద్యాల పోయి ఇచ్చి వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది.

"నన్ను కుర్చీలో కూచోబెట్టినారు. శ్రీనివాసులు అని గుమాస్తా ఉండాడు, శానా మంచోడు. సంచి ఈడ పెట్టి పోన్నా, లక్కముద్ర మేమే ఏసుకుంటామన్యాడు" అన్నాడు.

"ముద్ర పడేదాకా నువ్వు ఆడ లేవా?" అంది అత్త.

"నమ్మకం ఉండాల గదమ్మా. సర్కారు ఆఫీసది, సంత గాదు."

సంతే నయం. సంతలో మచ్చు మన కళ్ళముందే ఉంటుంది.

ఉగాది ముందు ఫలితం నోటీసు బోర్డుకు అంటించారు. ఆ ఆఫీసు పేరు చెప్పను. చెబితే నోరు కడుక్కోవాలి. మా ఆయన ఆ నోటీసును తన వంకర అక్షరాలతో కాపీ చేసుకుని తెచ్చాడు. ఇంట్లో అరుగు మీద కూర్చుని నేను చదివాను. కాంట్రాక్టు నంద్యాల వ్యాపారి లక్ష్మీనారాయణకు ఇచ్చారు. ఆయన ధర మా ధర కన్నా ఎక్కువ. అయినా ఆయనకే ఇచ్చారు. ముందు ఏడాది హాస్టలుకు ఆ పురుగుల జొన్నలు తోలింది కూడా ఆయనే. మా పేరు ఎదురుగా ఇలా ఉంది: "మచ్చు పురుగు పట్టినది. పాతర వాసన గలదు. మనుషులు తినుటకు పనికిరాదు."

మా అత్త ఆ చివరి మాటను పట్టించుకోలేదు. "పాతర వాసనా?" అని మాత్రం అడిగింది. "మన గింజ పాతర మొగమన్నా చూసిందా ఎప్పుడన్నా?"

"మార్చినారమ్మా. చీటీలు మార్చినారు" అన్నాడు మా ఆయన.  అప్పుడు ఆయనకు నిజంగానే కోపం వచ్చింది. అది నేను ఒప్పుకోవాలి.

కొంతకాలానికి ఈ సంగతి మరిచిపోయేవాళ్ళమేమో. కానీ నోటీసు బోర్డు మీద రాసిన మాటకు కాళ్ళుంటాయి. పదిహేను రోజులు తిరక్కముందే కొలిమిగుండ్ల నుంచి మా పాత బేరగాడు వచ్చాడు. పదేళ్ళుగా విత్తనం మా దగ్గరే కొనే పెద్దాయన. ఎప్పుడూ వచ్చి, మజ్జిగ తాగి, సంచి పట్టి, "జొన్నలు పొయ్యి తల్లీ" అనేవాడు. ఆ రోజు అత్త చాటలో జొన్నలు తెచ్చి పెడితే, దోసిట్లోకి తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. అలా చేస్తున్నానని ఆయనకు కూడా తెలియలేదేమో. మా అత్త చూసింది. నేను చూశాను.

"మల్లా వస్తాలేమ్మా, దుడ్లు సర్దుకోని" అని లేచాడు.

ఆయన వీధి మలుపు తిరిగేదాకా అత్త చాట పట్టుకుని అలాగే నిలబడింది. తర్వాత లోపలికి వచ్చి నా ముందు చాప మీద కూర్చుంది.

"అమ్మీ, కాగితం తీసుకో. రాయి. ధర సంగతి వద్దు. కాంట్రాక్టు వాని మొగాన కొట్టుకోమను. మా మచ్చు మారింది, రెండు సంచులూ మా ముందర ఇప్పి చూపించాల, ఆ రాసిన మాట కొట్టెయ్యాల. అంతే రాయి."

అంతే రాశాను. కాస్త మర్యాద కలిపాను. మా ఆయన సంతకం చేశాడు. అది మొదటి కాగితం.

ఆ తర్వాత మా ఆయన నంద్యాలకు ఎన్నిసార్లు తిరిగాడో. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ దేవుడూ ఇవ్వలేదు, పూజారీ ఇవ్వలేదు. శ్రీనివాసులు ఇప్పుడు కుర్చీ చూపించడం మానేశాడు. ఒకరోజు దొర క్యాంపు అనేవాడు. ఒకరోజు ఫైలు పైకి పోయిందనేవాడు. ఇంకొకరోజు అర్జీ మీద స్టాంపు వంకరగా అంటించారని వెనక్కి ఇచ్చాడు. స్టాంపు వంకర వాళ్ళ కంటికి ఆనింది. నలభయ్యో రోజున విచారణకు రమ్మని తాఖీదు వచ్చింది.

ముగ్గురం పోయాం. అత్త అంతకు ముందు ఏ ఆఫీసు గడపా తొక్కలేదు. ఎండ పేలిపోతోంది. ఆఫీసరు గది గుమ్మాలకు వట్టివేళ్ళ తడికెలు కట్టి నీళ్ళు చల్లుతున్నారు. లోపల చల్లగా, వాసనగా ఉంది. ఆఫీసరు సర్కారు జిల్లాల మనిషి, మాట మెత్తన. ఆయన పక్కన కుర్చీలో లక్ష్మీనారాయణ కూర్చుని సోడా తాగుతున్నాడు. అతను కూడా మాలాగే విచారణకు పిలిపించిన మనిషే. మాకు నిలబడటానికి గోడ దగ్గర చోటు చూపించారు.

"బాగుండావా అక్కా" అన్నాడు లక్ష్మీనారాయణ మా అత్తతో.

అత్త కొంగు ముడి సర్దుకుంది.

శ్రీనివాసులు రెండు సంచులు తెచ్చి బల్ల మీద పెట్టాడు. మా ఆయన పేరు చీటీ ఉన్న సంచి లక్క పగలగొట్టి, తెల్లకాగితం మీద గుప్పెడు జొన్నలు పోశాడు. గది వాసన ఒక్కసారిగా మారిపోయింది. వాన కాలంలో మూసిన కొట్టంలో కుక్క చచ్చినట్టుంది. ముక్కపురుగులు కాగితం అంచుల దాకా పరుగెత్తి, మళ్ళీ వెనక్కి తిరుగుతున్నాయి. ఆఫీసరు చేతిరుమాలు ముక్కుకు పెట్టుకున్నాడు.

"ఇవీ మీ జొన్నలు" అన్నాడు.

అత్త బల్ల దగ్గరకు పోయింది. ఎవరూ అడ్డం చెప్పేలోపే చిటికెడు తీసి నోట్లో వేసుకుంది. మరో చిటికెడు నా చేతిలో పెట్టింది.

"నువ్వూ చూడమ్మీ."

గింజ చూడటమంటే మా ఇంట్లో పంటి కింద వేసి చూడటమే. మంచి గింజ టక్కుమంటుంది. ఇది మెత్తగా నలిగింది. పులుపు, చేదు, తడిగోడ వాసన. మధ్యలో ఏదో చిట్లింది. అది గింజ కాదని తెలిసి నా ఒళ్ళంతా జలదరించింది. ఇప్పుడు ఉమ్మాలి. ఎక్కడ ఉమ్మాలి? కింద బేతంచెర్ల బండలు అద్దంలా తుడిచి ఉన్నాయి. పరాయి ఇంట్లో, అందులోనూ నలుగురు మగవాళ్ళ ముందు ఉమ్మే మనిషి కాదు మా అత్త. ఆ ముద్దను బుగ్గన పెట్టుకుని నోరు మూసుకుంది. మింగలేక కక్కలేక అంటారే, ఆ మాటను అంతకు ముందు ఎన్నోసార్లు ఊరికే వాడాను. ఆ రోజు కళ్ళతో చూశాను.

మా ఆయన ఆఫీసరు ముందు చేతులు కట్టుకుని నేల చూస్తున్నాడు. అత్త నా వైపు చూసింది. మాట్లాడాలంటే నోరు ఖాళీ కావాలి. నేను మింగేశాను.

"అయ్యా, ఆ రెండో సంచి కూడా విప్పించండి" అన్నాను.

లక్ష్మీనారాయణ పేరు చీటీ ఉన్న సంచిలోంచి శ్రీనివాసులు రెండు గుప్పిళ్ళు తీశాడు. పచ్చగా, నిండుగా, మా ఇంటి గింజ. నా బిడ్డను పరాయివాళ్ళ చంకలో చూసినట్టనిపించింది.

"మొత్తం కుమ్మరించండి" అన్నాను.

"ఎందుకమ్మా, చూసినారు గదా" అన్నాడు శ్రీనివాసులు.

"కుమ్మరించు, ఏముంది" అన్నాడు ఆఫీసరు. ఆయనకు లోపల ఏముందో నిజంగా తెలియదనుకుంటాను. పై గుప్పెడు చూసి సంతకం పెట్టేవాళ్ళకు సంచి మధ్యలో ఏముంటుందో ఎలా తెలుస్తుంది.

జొన్నలు కాగితం మీద రాలాయి. వాటి వెంట పసుపు కొమ్ము దొర్లి వచ్చి ఆఫీసరు సిరాబుడ్డికి తగిలి ఆగింది. మూడు చుట్లు దారం. ఎదురు తిరిగిన చుట్లు. అత్త కొంగులోంచి ఇంకో కొమ్ము తీసి దాని పక్కన పెట్టింది. అదీ అలాగే చుట్టి ఉంది. ఆమె ఇంట్లోనే సిద్ధం చేసుకుని తెచ్చిందని అప్పుడు నాకు తెలిసింది.

లక్ష్మీనారాయణ సోడాసీసా కింద పెట్టాడు.  గెలిచాం అనుకున్నాను. సర్కారును అప్పటికి నాకు సరిగా తెలియదు.

ఆఫీసరు కొమ్మును పెన్సిలుతో అటూ ఇటూ దొర్లించాడు. తర్వాత టెండరు కాగితాల్లో ఏడో షరతు వెతికి పట్టుకున్నాడు.

"మచ్చులో ధాన్యం తప్ప అన్యపదార్థం ఏదీ ఉండకూడదు. ఉంటే ఆ టెండరు చెల్లదు. ఇది చదివారా అమ్మా?"

"చదివినాను."

"ఈ కొమ్ము మీదేనంటున్నారు."

"మాదే."

"అయితే మీరు అన్యపదార్థం కలిపారన్నమాట. అప్పుడు మీ టెండరు చెల్లదు. చెల్లని టెండరు వేసిన మనిషికి ఆక్షేపణ చేసే హక్కు లేదు."

"మరి అది దొరికింది ఆయన సంచిలో గదయ్యా. ఆయనది మాత్రం ఎట్ల చెల్లుతాది?"

"కొమ్ము ఆయనది కాదని మీరే చెబుతున్నారు కదా." ఆయన చిన్న పిల్లకు చెప్పినట్టు చెప్పాడు. "ఆయన కలపలేదు. కాబట్టి ఆయన తప్పు లేదు. ఒకవేళ కొమ్ము మీది కాదంటారా, అప్పుడు సంచి మారిందనడానికి రుజువు లేదు. ఆలోచించుకోండి. కొమ్ము మీదో కాదో పది రోజుల్లో రాసివ్వండి."

ఎలా దూకినా ఆ కొమ్మే మా కాలికి గుచ్చుకునేలా ఏర్పాటు చేసి, చేతిరుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.   

బయట కుళాయి దగ్గర అత్త ఉమ్మేసి, మూడుసార్లు నోరు పుక్కిలించింది.

"నీళ్ళు దిగిన పాతరలోటివి" అంది. తర్వాత నా వైపు చూసింది. "నువ్వెట్ల మింగితివే?"

"మాట్లాడాల గదత్తా."

ఆమె దోసిట్లో నీళ్ళు పట్టి నా నోటికి అందించింది. పెళ్ళయిన ఆరేళ్ళలో ఆమె నాకు అలా నీళ్ళు పట్టింది అదొక్కసారే.

ఆ వారంలోనే నృసింహ జయంతి వచ్చింది. అత్త ఏటా అహోబిలం పోయి మూడు రోజులుండేది. వెళ్ళే ముందు కొడుకుతో, "కొమ్ము మనదేనని రాసియ్యండి. టెండరు పోతే పోనీ. మన గింజ మంచిదని వాళ్ళ కాగితంలో పడాల" అని చెప్పి బండెక్కింది.

ఆమె వెళ్ళిన మర్నాడు పొద్దున లక్ష్మీనారాయణ వచ్చాడు. వెంట బేనిషా మామిడిపండ్ల బుట్ట. మంచం మీద కూర్చుని, నేనిచ్చిన మజ్జిగ మెచ్చుకుని, మా ఎద్దుల్ని మెచ్చుకుని, చివరికి మా జొన్నల్ని కూడా మెచ్చుకున్నాడు.

"ఇట్లాటి గింజ నంద్యాల మార్కెట్టులోనే ల్యా శేషయ్యా. దాన్ని ఇంట్లో పెట్టుకోని ఏం జేస్తావు? నోటీసు పడినాంక విత్తనానికి ఎవురొస్తాండారు చెప్పు. హాస్టలుకు తోలాల్సిన బస్తాల్లో సగం నీ గాదెలోంచే తీసుకుంటా. ఏటేటా తీసుకుంటా. పేరు నాది, గింజ నీది. ఆ పసుపు కొమ్ము మాది కాదని ఒక్క ముక్క రాసిస్తే ఆ ఆఫీసరుకూ తలనొప్పి పోతాది."

తలుపు వెనక నిలబడి అంతా విన్నాను. మా ఆయన వెంటనే ఒప్పుకోలేదు. మూడుసార్లు "మా అమ్మ ఏమంటాదో" అన్నాడు. మూడోసారి అంటున్నప్పుడు బుట్టలోంచి ఒక పండు తీసి వాసన చూస్తున్నాడు. అప్పుడే నాకు అర్థమైంది.

అతను పోయాక మా ఆయన కాగితం, పెన్ను తెచ్చి నా ముందు పెట్టాడు.

"రాయి విజయా."

"నేను రాయను. మీరే రాసుకోండి."

"నా రాత ఎవురికన్నా తెలుస్తాదా? కొమ్ము మనదంటే మనం పోతాం, మనది కాదంటే సగం జొన్నలన్నా అమ్ముడుపోతాయి. సర్కారుతో కొట్లాడి బాగుపడినోడు యాడన్నా ఉండాడా?"

"మరి నోటీసులో రాసింది?"

"వానొస్తే ఆ నోటీసు తడిసి ఊడిపోతాది."

"అత్తకు ఎవరు చెప్తారు?"

"నేను చెప్తాలే."

 రాయకపోతే నన్ను కొట్టేవాడు కాదు. తిట్టేవాడు కూడా కాదు. ముఖం చిన్నబుచ్చుకుని బయటికి పోయేవాడు. అంతే. ఇన్నేళ్ళుగా నాకు నేను చెప్పుకుంటున్న సాకులన్నీ ఇక్కడ ఆగిపోతాయి. గాదె నిండా జొన్నలున్నాయి, కొనేవాళ్ళు రావడంలేదు, ఇది నిజం. నాకు విసుగొచ్చింది, ఇదీ నిజం. రాశాను. "విచారణలో దొరికిన పసుపు కొమ్ము మా ఇంటిది కాదు. ఆడవాళ్ళు పొరబడ్డారు. మా ఆక్షేపణను వాపసు తీసుకుంటున్నాము." గుండ్రటి అక్షరాలు. ఒక్క కొట్టివేత లేదు. ఆయన సంతకం పెట్టాడు. సాక్షిగా నన్ను పెట్టమన్నాడు, పెట్టాను.

తర్వాత మామిడిపండు కోసి ఇద్దరం తిన్నాం. తియ్యగా ఉంది. అదే నాకు ఈనాటికీ రోత.

ఆ సాయంత్రం బస్సుకే ఆయన కాగితం పట్టుకుపోయాడు. మూడోరోజు జవాను ఆర్డరు తెచ్చి ఇచ్చాడు. అప్పటికి అత్త అహోబిలం నుంచి తిరిగొచ్చి, ప్రసాదం పొట్లం విప్పుతోంది. మా ఆయన ఆమెకు ఇంకా ఏమీ చెప్పలేదు.

"ఏం రాసినారో చదువమ్మీ" అంది.

చదివాను. వాళ్ళు నా వాక్యాలనే ఎత్తి రాశారు. ఆక్షేపణ వాపసు తీసుకున్నందున కొట్టివేయడమైనది, కాంట్రాక్టు లక్ష్మీనారాయణకే ఖాయమైనది, నోటీసులో మార్పు లేదు. అత్త పొట్లం విప్పడం ఆపింది.

"ఆడోళ్ళు పొరబడినారని ఎవురు రాసినారు?"

మా ఆయన పెరట్లో ఎద్దులకు నీళ్ళు పెడుతున్నాడు. అవి తాగడం అయిపోయింది. అయినా ఇంకా పెడుతూనే ఉన్నాడు.

"నేనేనత్తా."

ఆమె తల ఊపింది. "నీ అచ్చరాలు బాగుంటాయి" అంది.

నాకు ప్రసాదం పెట్టింది. తర్వాత నడుమున ఉన్న గాదె తాళంచెవి తీసి, కొడుకు చొక్కా తగిలించే కొయ్యకు తగిలించింది. "తాళం ఈడ పెట్టినా శేషూ" అని పెరటి వైపు ఒక కేక వేసి, కాళ్ళు కడుక్కోవడానికి పోయింది.

జ్యేష్ఠంలో లక్ష్మీనారాయణ లారీ వచ్చింది. ఇద్దరు కూలీలు గాదెలోంచి తోడి బస్తాలకు పోశారు. అత్త అరుగు మీద కూర్చుని వత్తులు చేసుకుంటూ ఉంది. ఏ బస్తాలోనూ కొమ్ము వేయలేదు. నేను రెండుసార్లు ఆమె వైపు చూశాను. ఆమె వత్తుల నుంచి తల ఎత్తలేదు.

హాస్టలు తెరిచిన పదిరోజులకు యేసుదాసు మళ్ళీ వచ్చాడు. ఈసారి మూట విప్పలేదు. అరుగు కింద పెట్టాడు.

"బస్తా మూతిన మీ గింజ ఉండాదమ్మా. జానెడు లోతుకు పోతే అదే పాతర గింజ. చూసేదానికొచ్చిన ఆఫీసరు పైది దోసిట్లో పట్టుకోని శానా బాగుండాయని రాసిపెట్టి పాయె. పోయిన ఏడాది గింజ బాగల్యాదని చెప్పేదానికన్నా ఉండె. ఈ ఏడు అదీ ల్యా."

మా జొన్నలు వాళ్ళ జొన్నలకు మూతగా పనికొచ్చాయన్నమాట. పిల్లలు తినే పురుగులకు మా గింజతో మంచిపేరు వచ్చింది. మా ఆయన, "నేను లక్ష్మీనారాయణతో మాట్లాడతాలేప్పా" అన్నాడు. మాట్లాడాడు కూడా. అతను మరో బుట్ట మామిడిపండ్లు పంపాడు. వాటిని నేను ఎద్దులకు వేశాను.

యేసుదాసు వచ్చిన మర్నాటి నుంచి అత్త పెరట్లో మూడు రాళ్ళు పెట్టుకుని వేరే వండుకోవడం మొదలుపెట్టింది. చెల్లెలి ఊరి నుంచి కొర్రలు తెప్పించుకుంది. జొన్నరొట్టె లేనిదే ముద్ద దిగని మనిషి, మళ్ళీ మా ఇంటి జొన్న ముట్టలేదు. కోపంగా ఉండేది కాదు. నాతో మామూలుగానే మాట్లాడేది. నా తలకు నూనె రాసేది, మా ఆయనకు జ్వరం వస్తే పక్కనే కూర్చుంది. తినడం మాత్రం తినేది కాదు. వాళ్ళూ వీళ్ళూ అడిగితే, "పండ్లు వదులైనాయి, రొట్టె నమలల్యాకపోతాండా" అనేది. ఆమెకు ముప్పై రెండు పళ్ళూ గట్టిగా ఉన్నాయి.

వానలు పడ్డాయి. నంద్యాల పోయి వచ్చిన మా ఆయన, నోటీసు ఊడిపోయిందని చెప్పాడు. విత్తనానికి మాత్రం ఎవరూ రాలేదు. కొలిమిగుండ్ల పెద్దాయన ఆళ్లగడ్డ సంతలో ఇంకెవరి దగ్గరో కొన్నాడని తెలిసింది. లారీకి పోగా మిగిలిన జొన్నల్లోంచి మా చేనికి మేమే విత్తనం తీసుకున్నాం.

విత్తడానికి గొర్రు కట్టే రోజు పొద్దున్నే తలంటుకుని, గంపలో విత్తనం పోశాను. గూట్లోంచి ఒక పసుపు కొమ్ము తీశాను. దారం చుట్టాను. ఎడమచేత్తో, ఆమె చుట్టినట్టే, మూడు చుట్లు. రెండుసార్లు జారింది, మూడోసారి కుదిరింది. గంపలో పెట్టి జొన్నలు కప్పుతుండగా అత్త వచ్చి పక్కన కూర్చుంది. జొన్నల్లోకి చెయ్యి పెట్టి కొమ్మును బయటికి తీసింది. దారం చూసింది. బాగానే చుట్టావన్నట్టు చూసింది.

నా చెయ్యి తెరిచి అందులో పెట్టి, వేళ్ళు మూసింది.

"మనది గాదని రాసిచ్చినావు గదమ్మీ" అంది.

మా ఆయన వచ్చి గంప ఎత్తుకున్నాడు. ఆ ఏడాది మా గింజ చేనికి ఒంటిగా పోయింది.